లుబ్బెర్ట్ మాస్టారి భోజనం పాఠం

మా లుబ్బెర్ట్ మాస్టారికి ఒకే ఒక్క పిచ్చి. వస్తువు ఎదురుగా లేకుండా మాట పలకనిచ్చేవారు కాదు. "రొట్టె" అనాలంటే బల్ల మీద రొట్టె ఉండాలి. "కప్ప" అనాలంటే కప్ప ఉండాలి, అదీ బతికున్నదై ఉండాలి. "వాన" అనే మాట వచ్చిన రోజున కిటికీలు బార్లా తెరిపించి, వాన కోసం మమ్మల్ని కూచోబెట్టారు. ఆ ఏడు వానలు లేవు. రైతులందరూ చర్చిలో ప్రార్థనలు చేస్తుంటే, వాళ్ల కంటే గట్టిగా మా తరగతి చేసింది. పాఠం ముందుకు సాగాలి కదా!

ఐసెల్ నది ఒడ్డున మా ఊరి లాటిన్ బడిలో ఆయన చిన్న తరగతికి చెప్పేవారు. అంతకుముందు నేను సన్యాసినుల మఠంలో అక్షరాలు దిద్దుకున్నాను. అక్కడ వస్తువు ఒక్కటే, బెత్తం. దాంతోనే అన్ని మాటలూ నేర్పేవారు. కాబట్టి లుబ్బెర్ట్ మాస్టారి కోటు జేబుల్లోంచి మొదటిరోజే ఒక ఉల్లిపాయ, ఒక కొవ్వొత్తి ముక్క, ఒక గుర్రపు నాడా, తర్వాత ఇంకా కదులుతున్న ఏదో బయటికి రావడం చూసి, స్వర్గానికి వచ్చాననుకున్నాను.

మా రోజుల్లో లాటిన్ నేర్చుకోవడమంటే సంభాషణలు బట్టీ పట్టడమే. ఇద్దరు లేచి నిలబడాలి. ఒకడు "మిత్రమా, ఎచటికేగుచున్నావు?" అనాలి. రెండోవాడు "విద్యాలయమునకు" అనాలి. "ఇంత ప్రొద్దుననా?" "ఆలస్యమైన గురువు దండించును." ఇద్దరూ అప్పటికే బడిలోనే ఉన్నారు కదా అని ఏ పంతులుకూ తట్టేది కాదు. మా మాస్టారికి తట్టింది. ఒకణ్ణి చర్చి దగ్గరా, ఒకణ్ణి వంతెన దగ్గరా నిలబెట్టి నడిపించేవారు. వాళ్లు మధ్యదారిలో కలుసుకుని మాట్లాడుకుంటూ వచ్చేసరికి నిజంగానే ఆలస్యమయ్యేది. "చూశారా, పాఠం ఎంత చక్కగా కుదిరిందో!" అని ఆయన మురిసిపోయేవారు.

"ఆవు కొనుట" అనే పాఠం ఉంది. మా బడి తూకపు కొట్టు మీది అంతస్తులో ఉండేది. మెట్లు ఇరుకు. అయినా ఒక ఆవును ఎక్కించారు. ఎక్కింది, పాపం. బేరం జరిగింది, మేమందరం వంతులవారీగా దాన్ని కొన్నాం, అమ్మాం. దిగమంటే మాత్రం అది దిగనంది. ఆవులు మెట్లు ఎక్కుతాయి గాని దిగవని మాకు అప్పుడే తెలిసింది. ఆదివారం దాకా అది మాతోనే చదువుకుంది. ఫాదరు గారి కంటే దాని ఉచ్చారణే బాగుండేదని ఊళ్లో అనేవారు. చివరికి జున్ను దిమ్మలు దింపే కప్పీకి కట్టి, కిటికీలోంచి దింపారు. ఆవు గాలిలో వేలాడుతూ అరుస్తుంటే మాస్టారు కింద వీధిలో నిలబడి చేతులు చాచి, "ధేనువు దిగుచున్నది! అందరూ అనండి!" అన్నారు. మేమూ అన్నాం. వీధివీధంతా అంది. చేపలమ్మే లైస్బెట్టుకు జన్మలో వచ్చిన లాటిన్ వాక్యం అదొక్కటే. చచ్చేదాకా సందర్భం ఉన్నా లేకున్నా వాడేది.

"ఏం మాస్టారూ, 'ఓడ మునుగుట' పాఠం ఎప్పుడు?" అని ఆమె ఆయన్ను ఆటపట్టించేది.

"నది గడ్డకట్టింది కదమ్మా. కరగనీ."

"మీ పిల్లలతో పాటు నన్నూ ముంచుతారా?"

"నీ పడవ ఇస్తే నువ్వే మొదటి పాత్రవి."

బడిలో ఇంకో ఆచారం ఉండేది. సొంత భాషలో ఒక్క మాట జారినా మెడలో చెక్క గాడిదను వేలాడదీసేవారు. ఇంకొకడు జారేదాకా దాన్ని మోయాలి. ఒక చలికాలం మా పొగగొట్టం అంటుకుంది. 'మంట' పాఠం మాకింకా రాలేదు. అసలు ఆ పాఠం జోలికి పోవద్దని నగరసభ వాళ్లు మాస్టారిని బతిమాలుకున్నారు, ఎందుకో మీకు తెలుసు. మంటను ముందుగా చూసినవాడు ఫ్లోరిస్, నగరపెద్ద గారబ్బాయి. సొంత భాషలో అరిస్తే గాడిద. అందుకని లేచి, వినయంగా వంగి, తనకు వచ్చిన సంభాషణ మొదలుపెట్టాడు.

"వందనము, గురువర్యా. తమకు క్షేమమే కదా?"

"క్షేమమే, వత్సా. నీ జనకుడు క్షేమమా?"

"క్షేమమే. అంగడికేగెను."

"నీ జనని?"

"జననియు క్షేమమే." పైన దూలం చిటపటలాడుతోంది.

"మరి నీవేల దగ్గుచున్నావు?"

ఆ ప్రశ్న పాఠంలో లేదు. ఫ్లోరిస్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మాస్టారు తలెత్తి చూశారు. "ఓరి నాయనోయ్, కొంప అంటుకుందిరోయ్!" అని అచ్చమైన మా ఊరి భాషలో ఆయన పెట్టిన కేక నది అవతలికి వినిపించింది. మంట ఆరిపోయాక, ముఖం నిండా మసితో, గోడకున్న చెక్క గాడిదను తీసి తన మెళ్లోనే వేసుకున్నారు. నియమం నియమమే అన్నారు. సాయంత్రం దాన్ని వేసుకునే ఇంటికి వెళ్లారు. దారిలో ఎవరడిగినా, "నేనే జారాను" అని చెప్పుకుంటూ నడిచారు.

ఇన్ని పాఠాల్లో ఆయనకు ప్రాణం మాత్రం ఒకటే, "విందు." మిగతా బడుల్లో ఒక వారంలో అయిపోయే పాఠం అది. మాకు చలికాలం వచ్చిందంటే చాలు, విందు మొదలు. మంచు కరిగేదాకా అదే. ఒక పాత్ర అతిథి. ఇంకో పాత్ర గృహస్థు. మిగిలినవాళ్లు సేవకులు. సేవకులు చేతులు కడగడానికి నీళ్లు తేవాలి, భుజాన తువ్వాలు వేసుకుని జావ, రొట్టె, ఉప్పుచేప వడ్డించాలి. జావంటే నిజం బఠాణీ జావ, పొగలు కక్కేది. మాస్టారి అక్కగారు కుండతోపాటు తిట్లు కూడా పంపేవారు. రొట్టె మా అమ్మ కొట్టుదే.

అతిథి కూచుని తినాలి. తిన్నాక "తృప్తుడనైతిని" అనాలి. అక్కడే వచ్చేది చిక్కు. మాస్టారు కళ్లు మూసుకుని, చెవి ఒగ్గి వినేవారు. తల అడ్డంగా ఊపేవారు.

"ఊహూఁ. మాట వచ్చింది, వస్తువు రాలేదు. తృప్తి ఏదిరా? నోరు అంటోంది గాని, కడుపు అనడంలేదు. జావ దగ్గర్నుంచి మళ్లీ!"

మళ్లీ జావ. మళ్లీ రొట్టె. మళ్లీ చేప. మళ్లీ "తృప్తుడనైతిని."

"ఊహూఁ. జావ దగ్గర్నుంచి!"

ఈ శిక్ష ఎప్పుడూ చాకలామె వెండెల్మూట్ కొడుకు టైమెన్‌కే పడేది. లేదా కిందటేడు మునిగిపోయిన పడవవాడి పిల్లలిద్దరికి. వాళ్లంత మొద్దులు ఇంకొకరు లేరని మేమందరం జాలిపడేవాళ్లం. మేమేమో సేవకులం. నేనూ, ఫ్లోరిస్, ఉన్ని వ్యాపారి కొడుకూ, ఒక్క ముద్ద నోట పెట్టకుండా కుండలు మోసేవాళ్లం.

"దేవుడి దయ, మన లాటిన్ బాగుంది," అనేవాడు ఫ్లోరిస్, టైమెన్‌కు బీరు పోస్తూ నా చెవిలో. "లేకపోతే ఆ జావంతా మనం తాగాల్సి వచ్చేది."

నాకు మాత్రం తాగాలనే ఉండేది. వాసన ముక్కుకు కొడుతుంటే నిలబడి, "ఆరగించుడు, ప్రభూ" అనడం ఎంత కష్టమో వడ్డించినవాడికే తెలుస్తుంది.

ఇలా ఉండగా ఒక రాత్రి నగరపెద్ద ఆర్నౌట్ గారింట్లో విందు జరిగింది. పొరుగూరి పెద్దలు వచ్చారు. వాళ్లు బల్ల దగ్గర కూచోగానే ఫ్లోరిస్, అలవాటు ఎక్కడికి పోతుంది, భుజాన తువ్వాలు వేసుకుని వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఒక్కొక్కరి చేతులమీదా నీళ్లు పోశాడు. బీరు ఒక్క చుక్క ఒలకకుండా వంచాడు. పెద్ద అతిథి "మీ కొత్త పనివాడు భలే చురుకైనవాడండీ, ఏ ఊరువాడు?" అన్నాడు. ఆర్నౌట్ గారి ముఖం ఉడికించిన ఎండ్రకాయలా అయింది.

మర్నాడు ప్రొద్దున్నే ఆయన మెట్లన్నీ అదరగొట్టుకుంటూ బడికి వచ్చారు. మేం విందులో ఉన్నాం. టైమెన్ రెండో విడత జావ తాగుతున్నాడు. ఫ్లోరిస్ చేతిలో కూజా ఉంది.

"ఏమయ్యా లుబ్బెర్ట్! మా వాణ్ణి చదువుకు పంపానా, ఊడిగానికా?"

"పాఠమండి. సేవకుడి పాత్ర."

"ఎప్పుడూ సేవకుడేనా? ఒక్కనాడైనా అతిథి కాడా? ఎప్పుడు చూసినా ఈ చాకలిదాని... ఈ కుర్రాడే తింటాడటగా! ఎందుకని?"

జవాబు లేనిదే బతకని మనిషి మా మాస్టారు. పైగా మనకు అక్కర్లేనన్ని జవాబులు ఇస్తారు. ఆ రోజు ఆయన టైమెన్ వంక చూశారు. టైమెన్ చెంచా గాలిలో ఆపి వింటున్నాడు. మాస్టారు చూపు మళ్లించుకుని నేల చూశారు.

"వాడికి పాఠం సరిగా రాదండి," అన్నారు, గొణుగుతున్నట్టుగా.

"అదా కారణం? సరే. కొవ్వొత్తుల పండగ మర్నాడు సభవారందరినీ తీసుకొస్తాను. ఈ విందు ఎందుకో, మావాడు కుండలు ఎందుకు మోస్తున్నాడో, తగిన కారణం చూపించు. చూపించలేకపోతే నీ సామాను, నీ కప్పలు అన్నీ మూటకట్టుకో. మా ఊళ్లో నీకు ఇక బడి లేదు."

సాయంత్రం నేను ఇంటికి వెళ్లి మా అమ్మ దగ్గర ఏడుపు మొదలుపెట్టాను. మాస్టారు పోతారని సగం, జావ నాకు ఒక్కసారైనా దక్కలేదని సగం.

"ఆ టైమెన్ గాడికి ఒక్కనాడు పాఠం సరిగ్గా వచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదే అమ్మా! వాడు మొద్దు కావడం వల్లే కదా!"

మా అమ్మ పిండి పిసకడం ఆపింది. "మొద్దువి నువ్వురా, యోస్ట్. నది గడ్డకట్టాక వెండెల్మూట్ ఎక్కడ ఉతుకుతుంది?"

"ఎక్కడా ఉతకదు."

"మరి వాళ్లింట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?"

నేను మా పొయ్యి వంక చూశాను.

"చర్చి నుంచి రొట్టె పంపితే తిరిగి పంపించేసింది. నేను పంపానా, గుమ్మం మీదే పెట్టి తలుపేసుకుంది. దానం అంటే ఆ మనిషి గిలగిల్లాడిపోతుంది. పాఠానికైతే పిల్లాణ్ణి పంపకుండా ఎలా ఉంటుంది? ఆ బఠాణీలూ, ఆ చేపలూ మాస్టారికి ఏడాదికని సభవారు జీతం కింద ఇచ్చేవి. అందుకే వాళ్ల అక్క తిడుతోంది."

"అయితే ఆ మాట నగరపెద్దకు చెప్పేస్తే సరిపోయె కదా!"

"చెబితే మాస్టారు ఉంటారు. టైమెన్ ఉండడు. వాళ్లమ్మ మర్నాడే మాన్పిస్తుంది. అర్థమైందా? నువ్వు ఎవరితోనూ అనకు. ఇదిగో, ఈ రొట్టె రేపు పాఠానికి తీసుకెళ్లు. తక్కువైతే పాఠం తప్పిపోతుంది."

కొవ్వొత్తుల పండగ మర్నాడు సభ మొత్తం మా బెంచీల మీద ఇరుక్కుని కూచుంది. నల్లకోట్లు, బొచ్చు కాలర్లు, పెద్ద పెద్ద పొట్టలు. చిన్న పిల్లల బెంచీలు కదా, మోకాళ్లు గడ్డాలకు తగులుతున్నాయి. బల్ల మీద జావ, రొట్టె, చేప. మాస్టారి కోటు జేబులు ఆ రోజు ఖాళీగా వేలాడుతున్నాయి. అన్నీ ఇంటిదగ్గరే మూట కట్టేశారని అందరికీ తెలిసిపోయింది.

"మొదట మావాడు అతిథి," అన్నారు ఆర్నౌట్ గారు.

ఫ్లోరిస్ కూచున్నాడు. ఇంటి దగ్గర మాంసం, జున్ను, తీపిరొట్టె తిని వచ్చాడు పాపం. మొదటి చెంచాకే కళ్లు తేలేశాడు. చేప సగం తిని, బెల్టు వదులు చేసుకుని, మనస్ఫూర్తిగా, గుండెల లోతుల్లోంచి, "తృప్తుడనైతిని!" అన్నాడు. దాంతోపాటు ఒక త్రేన్పు కూడా వచ్చింది.

"అద్భుతం!" అన్నారు మాస్టారు. అబద్ధం కాదు.

"చూశారా!" అన్నారు ఆర్నౌట్ గారు చుట్టూ చూసి. "ఒక్కసారికే వచ్చేసింది. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి కూచోబెట్టు."

టైమెన్ కూచున్నాడు. ఫ్లోరిస్ అలవాటుగా తువ్వాలు భుజాన వేసుకుని కూజా అందుకున్నాడు. టైమెన్ చేతులు కడుక్కున్నాడు, గృహస్థుకు వందనం చేశాడు, ఏ మాటకు ఆ మాట తేనెలా పలికాడు. అన్నాళ్లు తిన్నవాడికి రాకుండా ఎలా ఉంటుంది మరి, బడి మొత్తంలో ఆ పాఠం అన్నిసార్లు చెప్పినవాడు లేడు. తినడం అయ్యాక చేతులు కట్టుకుని, "తృప్తుడనైతిని" అన్నాడు.

నేను కుండ పట్టుకుని బల్ల దగ్గరికి జరిగాను.

మాస్టారు కళ్లు మూసుకుని, చెవి ఒగ్గారు. ఈ ఒక్కరోజుకు "అద్భుతం" అంటే సరిపోయేది. కాని ప్రాణం మీదికి వచ్చినా ఆ మనిషి వస్తువు లేని మాటను ఒప్పుకోడు.

"ఊహూఁ," అన్నారు. "జావ దగ్గర్నుంచి మళ్లీ."

"ఆగు!" అన్నారు ఆర్నౌట్ గారు లేచి. లేవడంలో బెంచీ కూడా ఆయనతో లేచింది. "ఏం తప్పు చేశాడు?"

"మాట వచ్చిందండి, వస్తువు రాలేదు."

"ఏం వస్తువయ్యా?" ఆయన సభ్యుల వైపు తిరిగారు. "అయ్యా, మీకేమైనా తప్పు వినిపించిందా?"

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో లాటిన్ గుర్తున్నవాడు ఒక్కడూ లేడు, ఆ సంగతి పక్కవాడికి తెలియడం ఎవరికీ ఇష్టం లేదు.

"వినపడకేం," అన్నాడు ఉన్ని వ్యాపారి గంభీరంగా. "చాలా పెద్ద తప్పు."

"నాకైతే చెవులు మూసుకోవాలనిపించింది," అన్నాడు సారా బట్టీ యజమాని.

"ఘోరం," అన్నారు ఫాదరు గారు.

"అయితే మళ్లీ చెప్పించు," అన్నారు ఆర్నౌట్ గారు. ఈసారి బెంచీ మీద కూచోలేదు. బల్ల దగ్గరికి వచ్చి, టైమెన్ ఎదురుగా నిలబడి చూశారు.

టైమెన్ మళ్లీ తిన్నాడు. మర్యాదగా, చేప ముల్లు ముల్లూ పక్కన పెడుతూ, రొట్టె ముక్క కూడా కింద పడనివ్వకుండా తిన్నాడు. గిన్నె అడుగున మిగిలిన జావను రొట్టెతో తుడిచాడు. ఆర్నౌట్ గారు ఆ రొట్టె చేసే పని చూశారు. ఆ చేతి ఎముక తేలిన మణికట్టు చూశారు. కిటికీలోంచి గడ్డకట్టిన నదిని చూశారు. తర్వాత మాస్టారిని పక్కకు లాగారు. సరిగ్గా నా కుండ పక్కకి.

"ఏమయ్యా, నాకు లాటిన్ రాదనుకున్నావా?"

"అయ్యో, ఎంత మాట!"

"ఆ కుర్రాడు తప్పేం చేయలేదు."

"లేదండి."

"ఒక్కటి కూడా?"

"ఈ బడిలో వాడంత బాగా ఎవరికీ రాదండి. తమ అబ్బాయితో సహా."

"అంత వివరం అక్కర్లేదు." ఆయన గొంతు సవరించుకున్నారు. "నాతో ముందే ఒక మాట చెప్పొచ్చుగా!"

"చెప్పిన మాట ఊళ్లోకి వెళుతుందండి. వెళితే వాడు రాడు."

ఆర్నౌట్ గారు కాసేపు తన బొచ్చు కాలరు సర్దుకున్నారు. టైమెన్ అప్పుడే, "తృప్తుడనైతిని" అన్నాడు. నగరపెద్ద గిర్రున తిరిగి, పొగగొట్టం అంటుకున్న రోజున మాస్టారు అరిచినట్టే అరిచారు.

"దారుణం! ఇంత అధ్వాన్నమైన లాటిన్ నేనెక్కడా వినలేదు! జావ దగ్గర్నుంచి మళ్లీ! ఆ పడవవాడి పిల్లల్ని కూడా కూచోబెట్టండి, వాళ్లది ఇంకా ఘోరంగా ఉంటుంది, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది!"

సభ్యులందరూ తలలూపారు. "జావ దగ్గర్నుంచి!" అని బెంచీల మీదనుంచి అందరూ కలిసి అరిచారు.

"ఇంకో సంగతి, లుబ్బెర్ట్," అన్నారు ఆర్నౌట్ గారు అందరికీ వినపడేలా. "ఈ పాఠంలో కాల్చిన బాతు లేదా?"

"ఉందండి. బల్ల మీద బాతు లేక ఆ వాక్యం దాటేస్తున్నాం."

"వాక్యాలు దాటేస్తావా? ఊరి పిల్లలకు అరకొర చదువు చెబుతావా? సోమవారం నుంచి మా వంటింట్లోంచి బాతు వస్తుంది. పూర్తి పాఠం చెప్పాలి."

"తప్పకుండా. కాని తెచ్చేదెవరండి?"

ఆర్నౌట్ గారు కొడుకు వంక చూశారు. ఫ్లోరిస్ భుజాన తువ్వాలుతో, ఒక్క చుక్క ఒలకకుండా, టైమెన్ గ్లాసులో బీరు వంచుతున్నాడు.

"మావాడు తెస్తాడు," అన్నారు. "వాడికి చెయ్యి తిరిగింది."

ఆనాటినుంచి మా నగరసభ ప్రతి ఏడూ మొదటి మంచు పడగానే సమావేశమై, చిన్న తరగతి లాటిన్ అత్యంత శోచనీయంగా ఉందని ఏకగ్రీవంగా తీర్మానించేది. సభ్యులు వంతులవారీగా పరీక్షకు వచ్చేవారు. వచ్చేటప్పుడు ఒకరు వెన్న, ఒకరు జున్ను, ఒకరు పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే పీటు మట్టి దిమ్మలు, పాఠానికి కావలసిన వస్తువులు వెంట తెచ్చుకునేవారు. వసంతంలో నది కరిగి, వెండెల్మూట్ ఒడ్డున బట్టలు బాదే చప్పుడు వినిపించగానే టైమెన్ లాటిన్ రాత్రికి రాత్రే బాగుపడిపోయేది. అదెలాగని సభలో ఎవరూ అడగలేదు.